పదకొండింటి సభ

1998 మార్చి 24న గంటి మోహనచంద్ర బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు. గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టినవారు, కాకినాడలో వకీలుగా చేసినవారు, తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్మన్‌గా మా వైపు అందరికీ తెలిసినవారు. ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు ఆయనే. అప్పటిదాకా మా ఆత్రేయపురంలో పార్లమెంటు అంటే ఐదేళ్లకోసారి వేసే ఓటు. ఆ రోజుల్లో ఏడాదికోసారి అన్నా తప్పులేదు లెండి, 1996, 98, 99 అని వరసగా వేశాం. బాలయోగి గారు స్పీకరయ్యాక మాత్రం అది "మన సభ" అయిపోయింది. "ఇవాళ మన సభ ఉందా మేష్టారూ?" అని దారిన పోయేవాళ్లు సైకిలు ఆపి మరీ అడిగేవారు.

సభ ఉంటే దూరదర్శన్‌లో ఉండేది. 1994 చివరి నుంచి ప్రశ్నోత్తరాల సమయాన్ని ప్రత్యక్షంగా చూపించేవారు. ఒక వారం లోక్‌సభ, మరో వారం రాజ్యసభ. పదకొండు నుంచి పన్నెండు దాకా. మా పెద్దనాన్న తన టీవీని గదిలోంచి తెచ్చి అరుగు మీద పెట్టించేవాడు. యాంటెన్నా తిప్పడానికి డాబా మీద ఒక కుర్రాడు. వెనక వసారాలో దొడ్డమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు పూతరేకులు తీస్తూ ఉండేవారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, జయ బియ్యం పిండి పాలల్లో ముంచిన పల్చటి గుడ్డ, కుండ మీద ఒక్క లాగు, క్షణంలో రేకు. చేతికి తీరిక ఉండదు, చెవికి ఉంటుంది. "ఏమంటున్నారండీ?" అని అక్కణ్ణుంచే కేకేసేది దొడ్డమ్మ.

అర్థం చెప్పడానికి రిటైరైన మేష్టారు ఒకాయన ఉండేవారు. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం నక్షత్రం గుర్తు ప్రశ్న. గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబు వస్తుంది. రోజుకు నక్షత్రం ప్రశ్నలు ఇరవై, మిగతావి రెండొందల చిల్లర. గంటలో ఇరవైకి ఇరవై ఎప్పుడూ అయ్యేవి కావు. నాలుగో ఐదో అయ్యేసరికి గంట కొట్టేవారు. అందుకని, ఆ గంటలో ఒక నిమిషం అరుపులకు పోతే మేష్టారికి ఎక్కడలేని బాధ. "ఎవడి ప్రశ్నో పోయిందిరా, పాపం" అనేవారు. ఆ ప్రశ్న రాజస్థాన్ మంచినీళ్లదైనా సరే.

అరుగు మీద గుమిగూడినవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉండేవారు. పసుపు కండువాలు, మూడు రంగుల కండువాలు, ఇద్దరు ముగ్గురు ఎర్ర జెండావాళ్లు. ఎవరి పార్టీ సభ్యుడు లేచినా తక్కినవాళ్లు ఎకసెక్కాలాడేవారు. అయినా కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం 2000–01లో మంజూరైందని తెలిసినప్పుడు అంతా ఒక్కటై సంబరపడ్డారు. (ఆ రైలు ఇంకా మా గోదావరి పాయలు దాటలేదు. అది వేరే కథ.)

స్పీకరు మనవాడైతే సభలో జరిగే గొడవ కూడా మనింటి గొడవే అవుతుంది. 1998 జూలైలో మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రవేశపెట్టబోతుంటే ఆర్జేడీ సభ్యుడొకరు బాలయోగి గారి దగ్గరున్న ప్రతులు లాక్కుని చించేశారు. మర్నాడు పేపరు చదివి వినిపిస్తుంటే దొడ్డమ్మ కుండ మీద చెయ్యి ఆపేసింది. బిల్లులో ఏముందో ఆవిడ అడగలేదు. "ఆ మహానుభావుడు ఊరుకున్నాడా?" అంది. ఊరుకోలేదనీ ఊరుకున్నాడనీ కూడా చెప్పలేం. ఆయన పద్ధతే అంత. గొంతు పెంచేవారు కాదు. బతిమాలేవారు, ఇంకా మించితే వాయిదా వేసేవారు. అలాంటి బిల్లు చట్టమవడానికి 2023 సెప్టెంబరు దాకా పట్టింది.

1999 ఏప్రిల్ 17 సంగతి దేశమంతటికీ తెలుసు. వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 269కి 270. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవి వదులుకోలేదు. ఆయన ఓటు వేయొచ్చా కూడదా అన్న పేచీ వస్తే, అది ఆయన విచక్షణకే వదిలేస్తున్నానన్నారు బాలయోగి. సొంత పార్టీ తెలుగుదేశం వాజపేయి వైపు ఉంది. కాదని ఒక్క మాట అంటే ప్రభుత్వం నిలిచేదేమో. మా అరుగు మీద ఆ రోజు రెండు వర్గాలు లేచాయి. తప్పు చేశాడన్నవాళ్లు ఎక్కువ. "స్పీకరుకు పార్టీ ఉండదు" అని మేష్టారు ఒక్కరే పోట్లాడారు. ప్రభుత్వం పడిపోయాక కూడా బడ్జెట్ పని మిగిలిపోయింది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, ఒకరి ముఖం ఒకరు చూడలేని స్థితి, అయినా అన్ని పక్షాలూ ఒప్పుకుని చర్చ లేకుండా దాన్ని ఆమోదించి ఇళ్లకు వెళ్లాయి. ఇప్పుడు తలచుకుంటే అది నాకు ఒక్క ఓటు కన్నా పెద్ద విశేషంగా కనిపిస్తుంది. గవర్నమెంటును కూలగొట్టే పట్టుదల ఉన్నవాళ్లకు జీతాల బిల్లు ఆపకూడదన్న ఇంగితమూ ఉండేది.

2001 చివర్లో ఢిల్లీలో సభామర్యాదల మీద పెద్ద సదస్సు జరిగింది. ఆ వెంటనే డిసెంబరులో లోక్‌సభ నియమావళిలోకి 374–ఏ అనే కొత్త నిబంధన వచ్చింది. స్పీకరు పోడియం ముందుకు దూసుకొచ్చి పదేపదే సభకు అడ్డుపడే సభ్యుడి పేరు స్పీకరు చదివితే చాలు, తీర్మానం అక్కర్లేదు, ఓటింగు అక్కర్లేదు, ఐదు రోజుల సమావేశాలకు ఆయన దానంతటదే సస్పెండు. బతిమాలి బతిమాలి విసిగిన మనిషి హయాంలో వచ్చిన నిబంధన అది. దాన్ని గట్టిగా వాడుకునే వ్యవధి ఆయనకు దక్కలేదు. 2002 మార్చి 3న భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టరు కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలిపోయింది. ఆ రోజు మా ఊళ్లో పొయ్యిలు వెలగలేదు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెనకు ఆయన పేరే పెట్టారు.

ఆ 374–ఏ మళ్లీ మా జీవితంలోకి వస్తుందని ఎవరం అనుకోలేదు.

సభను ఆపడమనే విద్య ఆ తరువాతే పుట్టిందనుకుంటే పొరపాటు. పెద్దనాన్నకు 1984 ఆగస్టు నోటి చివర ఉండేది. 16న ఎన్.టి. రామారావును దించేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నెల రోజుల్లో బలం చూపించుకోమన్నారు. లేని బలం ఎక్కడ చూపిస్తారు? సెప్టెంబరు 11న అసెంబ్లీ కూర్చుంది, గందరగోళంలోనే లేచింది, ఓటింగు జరగలేదు. రేడియో ముందు కూర్చుని ప్రాంతీయ వార్తలు విన్నవాళ్లకు "సభ వాయిదా పడింది" అన్న మాట మొదటిసారి ఒక ఎత్తుగడగా అర్థమైంది. సభ జరిగితే ఓడిపోయేవాడు సభ జరగనివ్వడు. 16న రామారావు తిరిగొచ్చాడు, డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఒక వైపు వెళితే తెలుగుదేశం 30 సీట్లు గెలిచింది. ఆ మరుసటేడు శాసనమండలి పోయింది. అక్కడ కాంగ్రెస్‌కు మెజారిటీ ఉంది, అసెంబ్లీలో నెగ్గినవి అక్కడ నత్తనడక నడిచేవి. రామారావు మండలినే రద్దు చేయించాడు. 1985 జూన్‌లో పోయిన మండలి 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లును నరసాపురానికి చెందిన చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపితే, ఐదు రోజులకే మండలి రద్దుకు అసెంబ్లీ మళ్లీ తీర్మానం చేసింది. మరుసటేడు నవంబరులో ఆ తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. పార్టీలు మారాయి గానీ ఆలోచన ఒక్కటే, తలుపు అడ్డొస్తే తలుపే పీకేద్దామని.

ఇక 2013.

జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు సరేనంది. మర్నాటికి రావులపాలెం సెంటర్లో విభజన వద్దంటూ టెంట్లు లేచాయి. ఆ టెంట్లు ఎటుపోయాయో ఇప్పుడు ఒక్క గుడ్డపీలిక కనిపించదు గానీ అప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉండేది. మెడలో దండలతో రిలే దీక్షలో కూర్చున్నవాళ్లు, ఎన్నో రోజో సుద్దముక్కతో రాసిన నల్లబల్ల, సాయంత్రం నిమ్మరసం ఇచ్చే పెద్దమనిషి. రోజుకో కులవృత్తి, రోజుకో ఉద్యోగ సంఘం. నడిరోడ్డు మీద గాడిపొయ్యి తవ్వి వంటా వార్పు. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు సమ్మెలోకి వెళ్లారు. ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. రాజమండ్రి దుకాణాలకు వెళ్లాల్సిన రేకుల డబ్బాలు మా ఊళ్లో పేరుకున్నాయి. దొడ్డమ్మ వాటిని దీక్ష టెంటుకు పంపేసింది. నిరాహార దీక్ష టెంటుకు పూతరేకులు పంపడమేమిటని పెద్దనాన్న నవ్వితే, "పిల్లలు తింటారు లెండి" అంది.

అక్టోబరులో టెక్సస్ నుంచి మా బాబాయి కొడుకు ఫోను చేశాడు. అక్కడా ఆఫీసులు మూసేశారట. ఒబామా ఆరోగ్య చట్టం మీద పట్టుబట్టి రిపబ్లికన్లు బడ్జెట్‌కు పైసా విదల్చకపోవడంతో ఫెడరల్ ప్రభుత్వానికే తాళం పడింది. ఆ తాళం 17న తీశారు. మా ఎన్జీవోలు సమ్మె ఆపిందీ అప్పుడే. "చూశావా, మనం అమెరికాతో సమానం" అని టెంటులో ఎవరో అంటే అందరూ పడీపడీ నవ్వారు. అవే ఆఖరి నవ్వులు.

టెంటులో రోజూ జరిగిన అసలు వాదన ఇప్పుడెవరికీ గుర్తుండదు. ఎంపీలు రాజీనామా చేయాలా, సభలో ఉండాలా? చేయాలన్నవాళ్లే ఎక్కువ. మైకు వాళ్లదే. చేయని ఎంపీ ఊళ్లోకొస్తే గాజులు, చీరలు సిద్ధంగా ఉండేవి. "అందరూ వచ్చేస్తే అక్కడ మన తరఫున అడిగేదెవరు?" అని మేష్టారు ఒకసారి మైకు అందుకుని అన్నారు. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు, మైకు మాత్రం మెల్లిగా తీసేసుకున్నారు.

డిసెంబరు 12న విభజన బిల్లు హైదరాబాదు చేరింది. అసెంబ్లీ అభిప్రాయం చెప్పడానికి జనవరి 23 దాకా గడువు, తరువాత ఇంకో వారం. ఆ నలభై చిల్లర రోజుల్లో సభ జరిగిన గంటలకన్నా వాయిదా పడిన గంటలే ఎక్కువ. ప్రతులు చించారు, తగలబెట్టారు. చర్చ మొదలైతే చర్చించినట్టవుతుందని సీమాంధ్ర సభ్యుల భయం, మొదలవకపోతే బిల్లు ఆగుతుందేమోనని తెలంగాణ సభ్యుల భయం. వాళ్లు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు, వాళ్ల పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల ఆత్రం మా టెంట్లలో ఎవరికీ అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు. సవరణల నోటీసులు మాత్రం 9,072 వచ్చాయి. ఒక్కటీ చర్చకు రాలేదు. జనవరి 30న బిల్లును తిరస్కరించాలన్న ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి తీర్మానాన్ని స్పీకరు నాదెండ్ల మనోహర్ మూజువాణి ఓటుతో నెగ్గించి సభను నిరవధికంగా వాయిదా వేశారు. 1984 నాటి నాదెండ్ల గారి అబ్బాయే ఈ స్పీకరు అని పెద్దనాన్న గుర్తుచేశాడు. మా ఊళ్లో టపాసులు పేలాయి. అసెంబ్లీ అభిప్రాయం ఎలా ఉన్నా పార్లమెంటు ముందుకెళ్లొచ్చని మూడో అధికరణంలో ఉందని మేష్టారు చెబుతూనే ఉన్నారు, టపాసుల చప్పుడులో వినపడలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి 15వ లోక్‌సభ చివరి సమావేశాలు, ఎన్నికలు గుమ్మంలో. 21తో అంతా సరి. మా అమలాపురం ఎంపీ హర్షకుమార్, రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ తదితరులు సొంత కాంగ్రెస్ ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసు ఇచ్చారు. 11న ఆరుగురినీ పార్టీ బహిష్కరించింది. అవిశ్వాసానికి మద్దతుగా యాభైమంది లేచి నిలబడాలి, స్పీకరు లెక్కపెట్టాలి. సభ ప్రశాంతంగా లేదు కాబట్టి లెక్కపెట్టలేనని మీరాకుమార్ రోజూ వాయిదా వేసేవారు. సభ ప్రశాంతంగా లేకపోవడానికి కారణం ఎవరంటే మన ఎంపీలు కూడా. పోడియం ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడినవాళ్లే సీట్లలో నిలబడి తలలు చూపించాలి. రెండూ ఒకేసారి కుదరవు కదా.

13న బిల్లు ప్రవేశపెట్టగానే విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ సభ్యులు బయటికి పరుగెత్తడం టీవీల్లో ఆ రోజంతా తిప్పితిప్పి చూపించారు. ఇక్కడ టెంటులో చప్పట్లు. ఆ మధ్యాహ్నమే 374–ఏ కింద ఆంధ్ర సభ్యుల పేర్లు చదివేశారు. ఉండవల్లి పేరూ అందులో ఉంది. దాదాపు పన్నెండేళ్ల కిందట కోనసీమ స్పీకరు కాలంలో వచ్చిన నిబంధనతో కోనసీమ చుట్టుపక్కల సభ్యులే బయటికి నడిచారు.

దాళ్వా చేలకు వంతులు పెట్టి నీళ్లిచ్చే రోజులవి. లొల్ల లాకుల దగ్గర మా పక్క కాలువలు చీలతాయి. తలుపు దించితే పైనవాడికి నీళ్లు నిలుస్తాయి, ఎండేది శివారు రైతు చేను. సభ ఆపడంలోనూ అంతే జరిగింది. బలం ఉన్నవాళ్లకు సభ ఆగినా జరిగినా ఒకటే. సంఖ్య లేని పక్షానికి ఉన్న ఒకే ఒక్క కాలువ ఆ సభ, సవరణలు, రికార్డు. మావాళ్లు దాని తలుపే దించేశారు.

18న బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో గట్టెక్కింది. బీజేపీ మద్దతిచ్చింది, సస్పెండైనవాళ్లు బయట ఉన్నారు. ఆ సమయంలో లోక్‌సభ టీవీ ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. మా అరుగు మీద అప్పటికి కలర్ టీవీ వచ్చింది, కేబుల్ వచ్చింది, వంద చానళ్లు వచ్చాయి. అందరం మధ్యాహ్నం మూడు గంటలకు చీకటి తెర చూస్తూ కూర్చున్నాం. బాలయోగి గారి రోజుల్లో ఎవరో గుజరాత్ సభ్యుడి పత్తి ప్రశ్న చూసిన కళ్లే అవి. మన రాష్ట్రం ఉంటుందో పోతుందో తేల్చిన ఆ కాసేపు మాత్రం మాకు చూపించలేదు. మేష్టారు ఏమీ అనలేదు, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయారు.

20న రాజ్యసభ. మా నష్టం అసలు అక్కడుందని నాకిప్పటికీ అనిపిస్తుంది. ప్రత్యేక హోదా ఐదేళ్లిస్తామని ప్రధాని మన్మోహన్‌సింగ్ అన్నారు. పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు అడిగారు. నోటి మాటగా అన్నారు, బిల్లులోకి ఎక్కలేదు. రాజ్యసభలో ఒక్క అక్షరం మార్చినా బిల్లు తిరిగి లోక్‌సభకు వెళ్లాలి. లోక్‌సభకు మిగిలింది ఒక్క రోజు, ఆ సభ జరుగుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. పోలవరం జాతీయ ప్రాజెక్టు అని 90వ సెక్షన్లో ముందే రాసుంది కాబట్టి నిలిచింది. హోదా రాయలేదు కాబట్టి 2016 సెప్టెంబరులో ప్యాకేజీగా మారిపోయింది. సభ నాలుగు రోజులు సవ్యంగా జరిగి ఉంటే బిల్లు ఆగేదని నేననను, ఆగేది కాదు. హోదా మాత్రం నోట్లోంచి కాగితం మీదికి దిగడానికి వ్యవధి ఉండేది. ఆ లోక్‌సభ మొత్తంగా తనకు కేటాయించుకున్న సమయంలో 61 శాతమే పనిచేసిందని పీఆర్‌ఎస్ సంస్థ లెక్క తేల్చింది. ఆ పోయిన 39 శాతంలో మా వాటా ఎంతో గానీ, దాని ఖరీదు మేం కట్టినంతగా ఇంకెవరూ కట్టి ఉండరు.

తరువాత జరిగినవన్నీ గబగబా జరిగిపోయాయి. కిరణ్‌కుమార్ రెడ్డి అప్పటికే రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. మార్చిలో రాజమండ్రిలో జై సమైక్యాంధ్ర పార్టీ పుట్టింది. ఎన్నికల సంఘం దానికి చెప్పుల జత గుర్తు ఇచ్చింది. కొన్నాళ్లు మా గోడల మీద కూడా చెప్పులు కనిపించాయి, తరువాత సున్నం కింద కలిసిపోయాయి. ఆ గుర్తు ఇంట్లో పిల్లలకు చెబితే నమ్మరు. మే 7న పోలింగు. కాంగ్రెస్‌కు 175 అసెంబ్లీ స్థానాల్లో ఒక్కటి రాలేదు, 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటి రాలేదు. మా అరుగు మీద మూడు రంగుల కండువా వేసుకుని కూర్చునే ఇద్దరిలో ఒకాయన కండువా మార్చాడు, ఇంకొకాయన రావడం మానేశాడు. 294 మంది కూర్చునే ఆ ఉమ్మడి అసెంబ్లీ జూన్ 2తో చరిత్రలో కలిసింది. బాగున్నా బాగోకపోయినా శ్రీకాకుళం సభ్యుడి మాట ఆదిలాబాద్ సభ్యుడు వినక తప్పని చోటు ఇంకొకటి మనకు లేదు.

నాలుగేళ్లకు అదే కథ మళ్లీ చూశాం. 2018 మార్చిలో హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం పోటాపోటీగా అవిశ్వాస నోటీసులిచ్చాయి. తెలుగుదేశం పక్షాన లోక్‌సభలో నాయకుడు మా కాకినాడ ఎంపీ తోట నరసింహం. ఈసారి పోడియం ముందు నిలబడింది మనవాళ్లు కాదు, కావేరి బోర్డు కోసం అన్నాడీఎంకే, రిజర్వేషన్ల కోసం టీఆర్‌ఎస్. సభ సజావుగా లేదు, యాభైమందిని లెక్కపెట్టలేనని స్పీకరు సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. మీరాకుమార్ గారి మాటలే అవి, గొంతు మారిందంతే. ఆ గోలలోనే దేశ బడ్జెట్ చర్చ లేకుండా నిమిషాల్లో గట్టెక్కింది. 1999లోనూ చర్చ లేకుండానే అయింది గదా అనవచ్చు. అప్పుడు అందరూ ఒప్పుకుని ముగించారు. ఇప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడని చోట ముగిసింది. ఏప్రిల్ 6న వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు రాజీనామా చేసేశారు. జూలై 20న అవిశ్వాసం మీద చర్చ నిజంగానే జరిగినప్పుడు, మొదట నోటీసిచ్చిన ఆ పార్టీ ఎంపీలు సభలో లేరు. 325కి 126. టెంటులో మేష్టారి చేతిలోంచి మైకు తీసుకున్నవాళ్లలో ఒకాయన ఆ రాత్రి నాకు ఫోను చేసి, మేష్టారు ఉండి ఉంటే బాగుండేదన్నాడు. అప్పటికి ఆయన పోయి ఏడాదైంది.

ఇప్పుడు మా రాష్ట్రంలో ఎవరూ సభను ఆపడం లేదు, అంత శ్రమ అక్కర్లేని కాలం వచ్చింది. వెలగపూడిలో అసెంబ్లీ ప్రశాంతంగా నడుస్తుంది. 2017 నవంబరు నుంచి ఆ సభ గడువు తీరేదాకా జగన్ పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ రాలేదు. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని వెళ్లిపోయారు, చెప్పినట్టే 2024లో అలాగే వచ్చారు. అదే ఎన్నికలో పదకొండు సీట్లు గెలిచిన జగన్ పార్టీ, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉంటోంది. అడ్డుపడేవాడు కనీసం లోపల ఉండేవాడు. వాణ్ణి టీవీలో చూసి తిట్టుకోవడానికైనా ఉండేది. లోక్‌సభ టీవీ కూడా 2021లో రాజ్యసభ టీవీతో కలిసి సంసద్ టీవీ అయింది. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు ఇంకా పదకొండింటికే మొదలవుతాయి. మా ఊళ్లో చూసేవాడు లేడు. ఎవరైనా మంత్రిని ఎవరైనా ఘాటుగా అన్న ముప్పై సెకన్ల ముక్క ఫోన్లో చూస్తారు, అంతకుముందు అడిగిన ప్రశ్న ఏమిటో, దానికి జవాబు వచ్చిందో లేదో ఎవరికీ పట్టదు.

పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మా వసారాలు ఎన్నికల ప్రచారంలో తప్పనిసరి మజిలీ అయిపోయాయి. అభ్యర్థి తరఫువాళ్లు వస్తారు, ఒకడు కుండ ముందు కూర్చుని గుడ్డ లాగుతున్నట్టు ఫొటో దిగుతాడు, రేకు చిరుగుతుంది, అందరూ నవ్వుతారు. 2024 వేసవిలో అలాగే ఒక బృందం వచ్చింది. దొడ్డమ్మకు చూపు తగ్గింది, అయినా కుండ దగ్గర కూర్చోవడం మానలేదు. కరపత్రం చేతిలో పెట్టిన కుర్రాణ్ణి అడిగింది, "మీ వాడు సభకెళ్తాడా బాబూ?"

"అదేంటి మామ్మగారూ, గెలిస్తే వెళ్లరా?"

"వెళ్లడం సరే. కూర్చుంటాడా అని."

వాడికి అర్థం కాలేదు. గెలిపించండి చాలు, మీ పొయ్యి దగ్గరికే వచ్చి కూర్చుంటాడు అన్నాడు. వారం తిరక్కుండా రెండో పార్టీవాళ్లూ వచ్చారు. ఆవిడ వాళ్లనీ అదే ప్రశ్న అడిగింది. వాళ్లు అరకిలో నేతి రేకులు కట్టించుకుని, డబ్బులిచ్చి వెళ్లారు.